పేగును ఆపిన మందులు, కదిలించిన మందులు

గసగసాల మొక్క పచ్చికాయకు సాయంత్రం గాట్లు పెడితే తెల్లటి పాలు ఊరుతాయి. తెల్లారేసరికి అవి చిక్కబడి గోధుమరంగుకు తిరుగుతాయి. వాటిని గీకి తీసి, ఆరబెట్టి, ముద్ద చేస్తే నల్లమందు తయారవుతుంది. నొప్పిని అణచడం, మత్తు కలిగించడం దాని పేరు మోసిన గుణాలు. వాటితో సమానంగా శతాబ్దాలపాటు వైద్యులను దానికి అంటిపెట్టుకునేలా చేసిన మూడో గుణం విరేచనాలు కట్టడం. ఒక మందు పేగును ఎలా ఆపుతుంది, ఇంకొకటి ఎలా కదిలిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి పట్టిన కాలమంతటా ఏదో ఒక చోట నల్లమందు కనిపిస్తూనే ఉంటుంది.

గ్రీకు వైద్యులకు, అరబ్బు హకీములకు నల్లమందు బాగా తెలుసు. చరక, సుశ్రుత సంహితల్లో దాని ప్రస్తావన లేదు. మధ్యయుగంలో పశ్చిమం నుంచి వచ్చిన ఈ సరుకు శార్ఙ్గధర సంహిత నాటికి అహిఫేనం అన్న పేరుతో ఆయుర్వేదంలో చోటు సంపాదించింది. తర్వాతి కాలపు అతిసార యోగాల్లో, ముఖ్యంగా కర్పూర రసంలో, జాజికాయ, కర్పూరాల సరసన అదీ చేరింది. ఐరోపాలో 17వ శతాబ్దపు ఇంగ్లిష్ వైద్యుడు థామస్ సైడెన్‌హామ్ నల్లమందును షెర్రీ వైన్‌లో నానబెట్టి, కుంకుమపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు కలిపి లాడనమ్ తయారుచేశాడు. 1669 నుంచి మూడు నాలుగేళ్లపాటు లండన్‌ను జిగట విరేచనాలు పీడించిన రోజుల్లో అది ఆయనకు ప్రధానాయుధం. 1732లో థామస్ డోవర్ నల్లమందును ఇపెకాక్ వేరుతో కలిపి ఒక పొడిని ప్రచారంలోకి తెచ్చాడు. ఈయన వైద్యుడే కాదు, ఓడల దోపిడీలోనూ ఆరితేరినవాడు. రాబిన్సన్ క్రూసో కథకు ప్రేరణ అయిన అలెగ్జాండర్ సెల్కర్క్‌ను 1709లో నిర్జన ద్వీపం నుంచి తీసుకొచ్చిన నౌకాయాత్రలో ఈయనా ఉన్నాడు. డోవర్ పొడి మాత్రం ఆయన సాహసాలన్నిటికంటే ఎక్కువ కాలం, 20వ శతాబ్దం దాకా, మందుల షాపుల్లో నిలిచింది.

బ్రిటిష్ వారి హయాంలో భారతదేశం నల్లమందుకు పుట్టినిల్లు, ప్రయోగశాల రెండూ అయింది. గాజీపూర్ కార్ఖానాలో ఉండలు చుట్టిన నల్లమందు చైనాకు ఓడలెక్కేది. ఇక్కడి సైన్యంలో వైద్యుడిగా ఉన్న జాన్ కాలిస్ బ్రౌన్ 1848లో కలరా కోసం క్లోరోడైన్ అనే ద్రావకం తయారుచేశాడు. నల్లమందు, గంజాయి, క్లోరోఫామ్ కలిసిన ఆ సీసా తర్వాత ఇంగ్లండులో ఇంటింటి మందైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి ప్రాంతం నల్లమందు వాడకానికి పేరుపడింది. మన్యపు చలిజ్వరానికి అది విరుగుడని అక్కడి జనం నమ్మేవారు. బ్రిటిష్ పార్లమెంటులో రేగిన నిరసనల ఫలితంగా 1893లో రాయల్ కమిషన్ ఏర్పడింది. భారతదేశంలో నల్లమందు వాడకాన్ని విచారించి 1895లో అది ఇచ్చిన నివేదిక మొత్తమ్మీద సర్కారు వ్యాపారాన్ని సమర్థించింది. వైద్యపరమైన అవసరాన్ని సాకుగా చూపడం ఆ వ్యాపారానికి బాగా కలిసొచ్చింది.

కలరాకు నల్లమందు ఇవ్వడంలో ఒక పెద్ద లోపం ఉంది. కలరా విషం పేగు గోడ నుంచి నీటిని, లవణాలను లోపలికి తోడేస్తుంది. పేగు కదలికను ఆపితే ఆ నీరు బయటికి రాకుండా పేగులోనే నిలుస్తుంది కాని, రక్తంలోకి తిరిగి చేరదు. రోగి పొట్ట ఉబ్బుతుంది, నాడి పడిపోతుంది, పక్కబట్టలు మాత్రం శుభ్రంగా ఉంటాయి. విరేచనం ఆగింది కదా అని వైద్యుడు తృప్తిపడే వేళకు రోగి ఎండిపోతూనే ఉంటాడు.

నల్లమందుకు తోడు ఇంకో మొక్కల కుటుంబం పేగు మీద పెత్తనం చేసింది. ఐరోపాలో బెల్లడోనా, మన చేల గట్ల మీద ఉమ్మెత్త, పచారీ కొట్లో దొరికే ఖురాసాని వాము, మూడూ ఒకే తెగవి. కడుపునొప్పి మెలిపెడుతుంటే తక్కువ మోతాదులో ఇవి పేగును సడలిస్తాయి. మోతాదు మించితే నోరు ఎండి, కంటిపాప విచ్చుకుని, పిచ్చి చూపులు పడతాయి. వీటి సారమైన అట్రోపిన్‌ను 1830ల ఆరంభంలో జర్మన్ రసాయనవేత్తలు విడదీశారు. అదే జర్మనీలో ఫ్రెడరిక్ జెర్ట్యూర్నర్ అనే మందుల తయారీదారు 19వ శతాబ్దపు మొదటి ఏళ్లలోనే నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. పేగును ఆపడం కాక, కదిలించే సారాలూ ఉన్నాయి. పశ్చిమాఫ్రికాలో కాలబార్ ప్రాంతపు ప్రజలు నేరం చేశాడో లేదో తేల్చడానికి నిందితుడి చేత తినిపించే గింజ ఒకటుండేది. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చస్తే దోషి. ఎడిన్‌బరోలో రాబర్ట్ క్రిస్టిసన్ 1855లో దాన్ని స్వయంగా తిని చూసి, ప్రాణం మీదికి తెచ్చుకుని బతికి బయటపడ్డాడు. దాని సారం ఫైసోస్టిగ్మిన్ పేగును విపరీతంగా కదిలిస్తుంది. పుట్టగొడుగు నుంచి 1869లో తీసిన మస్కరిన్‌దీ అదే పని. అట్రోపిన్ ఇస్తే మస్కరిన్ ఆట కట్టు. ఒకటి తెరిస్తే ఇంకొకటి మూసే ఈ జంటలను చూశాకే, మందులు శరీరంలో ఒక నిర్దిష్టమైన చోట పట్టుకుంటాయన్న అనుమానం శాస్త్రజ్ఞులకు బలపడింది.

ఆ చోటు ఎక్కడుందో తెలియాలంటే ముందు పేగులో నాడులున్నాయని తెలియాలి. 1857లో జార్జ్ మైస్నర్ పేగు లోపలి పొర కింద నాడీకణాల వల ఒకటి చూశాడు. కొద్దికాలానికే లియోపోల్డ్ అవుర్‌బాఖ్ రెండు కండర పొరల మధ్య ఇంకా పెద్ద వలను కనిపెట్టాడు. జీర్ణనాళం పొడవునా పరుచుకున్న ఈ వలల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలున్నాయని ఇప్పటి అంచనా. అవి ఏం చేస్తాయో లండన్‌లో బావా బావమరుదులైన విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1899లో చూపారు. మత్తులో ఉన్న కుక్క పేగుకు మెదడు, వెన్నుపాముల నుంచి వచ్చే నాడులన్నీ తెంచేసి, లోపల ఒక ఉండ పెట్టారు. ఉండకు పైన పేగు బిగుసుకుంది, కింద సడలింది, ఉండ కిందికి జరిగింది. పైనుంచి ఏ ఆజ్ఞా లేకుండానే ఇదంతా జరిగింది. పేగుకు తన నాడీమండలం తనకుంది. జాన్ లాంగ్లే 1921 నాటి తన పుస్తకంలో దాన్ని సింపథెటిక్, పారాసింపథెటిక్ అనే స్వయంచాలక నాడీ వ్యవస్థల పక్కన మూడో విభాగంగా లెక్కించాడు. ఆ మాట తర్వాత దాదాపు అర్ధశతాబ్దం ఎవరూ పట్టించుకోలేదు.

పై నుంచి వచ్చే నాడులకు పని లేదని కాదు. అమెరికాలో వాల్టర్ కానన్ 1896 నుంచి పిల్లులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేల కింద వాటి పొట్టల కదలికను చూశాడు. పిల్లి బెదిరినా, కోపంతో రేగినా కదలిక ఆగిపోయేది. నిమిరి శాంతపరిస్తే మళ్లీ మొదలయ్యేది. భయపడితే ఆకలి చచ్చిపోవడానికి అందులో వివరణ దొరికింది.

మందు పట్టుకునే చోటుకు పేరు పెట్టిన ఘనత కూడా లాంగ్లేదే. కోడి కండరం మీద నికోటిన్, క్యురారే అనే విషం పోటీ పడటం చూసి, 1905లో ఆయన కణంలో గ్రహించే పదార్థం ఒకటుందని ప్రతిపాదించాడు. నేటి రిసెప్టర్, తెలుగులో గ్రాహకం, అదే. 1914లో హెన్రీ డేల్ అసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి రెండు రకాల ప్రభావాలున్నాయని వేరుచేశాడు. ఒకటి మస్కరిన్‌ను పోలినది, అట్రోపిన్‌కు లొంగేది. రెండోది నికోటిన్‌ను పోలినది. 1921లో ఆటో లోవీ కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంతో నాడులు రసాయనం ద్వారానే కబురు పంపుతాయని రుజువైంది. ఇద్దరికీ 1936లో నోబెల్ బహుమతి దక్కింది. బెల్లడోనా, ఉమ్మెత్త రహస్యం అక్కడితో విడింది. పేగు కండరాన్ని ముడుచుకొమ్మని నాడి అసిటైల్‌కోలిన్‌ను పంపుతుంది, అట్రోపిన్ ముందే వెళ్లి గ్రాహకంలో కూర్చుంటుంది. కాలబార్ గింజది ఇంకో దారి. పని అయిపోయిన అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. కబురు చెరగకుండా నిలిచిపోతుంది.

నల్లమందు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మార్ఫిన్ అట్రోపిన్‌లా కండరాన్ని వదులు చేయదు. మనుషుల్లో అది చిన్నపేగును అక్కడక్కడ బిగిస్తుంది కూడా. అయినా ముందుకు నెట్టే అల మాత్రం ఆగిపోతుంది. 1917లో పాల్ ట్రెండెలెన్‌బర్గ్ గినీ పంది చిన్నపేగు ముక్కను గాజు తొట్టిలో వేలాడదీసి, లోపల ద్రవం నింపి, ఒత్తిడి పెరిగేకొద్దీ అది అలలా కదలడాన్ని నమోదు చేశాడు. అతి తక్కువ మార్ఫిన్‌తోనే ఆ అల ఆగిపోయింది. మెదడుతో సంబంధం లేని ముక్కలో ఇది జరిగిందంటే మందు పనిచేసే చోటు పేగులోనే ఉండాలి.

ఈ గినీ పంది పేగు ముక్క తర్వాతి 50 ఏళ్ల పాటు ఔషధశాస్త్రానికి ప్రధాన సాధనమైంది. టైరోడ్ అనే వెచ్చటి లవణ ద్రావకంలో బొటనవేలంత ముక్కను దారంతో కట్టి వేలాడదీస్తారు, అడుగు నుంచి ఆక్సిజన్ బుడగలు వస్తుంటాయి. పై దారం ఒక తేలికపాటి మీటకు కట్టి ఉంటుంది. పేగు ముడుచుకున్నప్పుడల్లా మీట కొస పొగబట్టిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద తెల్లటి గీత గీస్తుంది. జంతు ప్రయోగాలపై ఆంక్షలు వచ్చేదాకా మన వైద్య, ఫార్మసీ కళాశాలల విద్యార్థులు కూడా వేళ్లకు మసి అంటించుకుంటూ ఈ గీతలు తీసినవారే. 1957లో విలియం పేటన్ ఇలాంటి ముక్కకు లోపల ఒక తీగ, బయట ఒక తీగ పెట్టి చిన్న చిన్న విద్యుత్ దెబ్బలు ఇచ్చాడు. ప్రతి దెబ్బకూ ముక్క ఒకసారి ముడుచుకునేది. మార్ఫిన్ చేర్చాక ఆ ముడుచుకోవడం బలహీనపడింది. అసిటైల్‌కోలిన్‌ను నేరుగా తొట్టిలో పోస్తే మాత్రం కండరం మునుపటిలాగే స్పందించింది. కండరంలో లోపం లేదు, కబురే అందడం లేదు. తొట్టి నీటిని తీసి కొలిస్తే నాడులు విడుదల చేసే అసిటైల్‌కోలిన్ తగ్గిపోయిందని తేలింది. అలా కొలవాలంటే అది విరిగిపోకుండా ఎంజైమును ఆపాలి, అందుకు పనికొచ్చింది కాలబార్ గింజ సారమే. మార్ఫిన్ కండరాన్ని కాక, కండరానికి కబురు పంపే నాడి నోరు నొక్కుతోందన్న సంగతి అలా బయటపడింది. నల్లమందు చరిత్రలో ఇంత చక్కటి ప్రయోగాలు మరికొన్ని ఉండొచ్చు కాని, ఇంత పొదుపైనది అరుదు.

అదే ఏడాది జాన్ గాడమ్, పికరెల్లీ అదే గినీ పంది పేగులో సెరటోనిన్‌కు రెండు రకాల గ్రాహకాలున్నాయని చూపారు. వాటిలో నాడుల మీద ఉన్నదాన్ని మార్ఫిన్ అడ్డుకోవడం వల్ల దానికి ఎం అని పేరుపెట్టారు. సెరటోనిన్ కథ కూడా పేగులోనే మొదలైంది. 1930లలో ఇటలీలో విటోరియో ఎర్స్‌పామెర్ పేగు గోడ కణాల నుంచి తీసి ఎంటెరమైన్ అని పేరుపెట్టిన పదార్థం, అమెరికాలో రక్తం నుంచి వేరుచేసిన సెరటోనిన్ ఒకటేనని 1952లో తేలింది. మనసుకు సంబంధించిన రసాయనంగా పేరుపడ్డ దీనిలో 90 శాతానికి పైగా ఉండేది పేగులోనే.

1973లో అమెరికాలో కాండేస్ పెర్ట్, సోలమన్ స్నైడర్ నల్లమందు గ్రాహకాన్ని రుజువు చేసినప్పుడు మెదడుతో పాటు గినీ పంది పేగులోనూ అది దొరికింది. గ్రాహకం ఉందంటే దానికి సరిపోయే పదార్థం శరీరంలోనే తయారవుతూ ఉండాలి. స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ కబేళా నుంచి తెచ్చిన పంది మెదళ్ల సారాన్ని పరీక్షించి, 1975లో ఎన్‌కెఫలిన్లను ప్రకటించారు. ఆ పరీక్షకు వాడిన కొలబద్దల్లో గినీ పంది పేగు ముక్క ఒకటి. నొప్పి తగ్గించడంలో ఏ మందు ఎంత బలమైనదో, ఆ పేగును ఆపడంలోనూ దాదాపు అంతే బలమైనదని కోస్టర్లిట్జ్ అంతకుముందే గమనించి ఉన్నాడు. నాడీకణం మీద ఉన్న మ్యూ అనే నల్లమందు గ్రాహకాన్ని మార్ఫిన్ తాకితే పొటాషియం దారులు తెరుచుకుంటాయి, కాల్షియం దారులు మూసుకుంటాయి, అసిటైల్‌కోలిన్ విడుదల తగ్గుతుంది. పేగులో సరుకు నిలిచినకొద్దీ నీరు పీల్చుకోవడం పెరుగుతుంది, మలం గట్టిపడుతుంది. నల్లమందుకు అలవాటు పడ్డ మనిషికి మత్తు కోసం రోజురోజుకూ మోతాదు పెంచాల్సి వస్తుంది, మలబద్ధకం మాత్రం ఏళ్లు గడిచినా సడలదు.

సిద్ధాంతం ఇంకా పూర్తి కాకముందే వ్యాపారం ముందుకు పోయింది. బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం నొప్పి మందుల కోసం పెథిడిన్ తరహా అణువులను వరసగా తయారుచేస్తూ 1956లో డైఫెనాక్సిలేట్‌ను కనుగొంది. నొప్పికి పెద్దగా పనికిరాని ఈ మందు పేగును బాగా ఆపింది. మత్తు కోసం ఎవరూ గుప్పెడు మింగకుండా ఒక్కో 2.5 మిల్లీగ్రాముల మాత్రలో 0.025 మిల్లీగ్రాముల అట్రోపిన్ కలిపారు. ఎక్కువ మింగితే నోరెండి గుండె దడదడలాడుతుంది. లొమోటిల్ పేరుతో వచ్చిన ఈ మాత్ర అపోలో వ్యోమగాముల మందుల పెట్టెలోకీ చేరింది. నల్లమందు వారసుడు, బెల్లడోనా సారం ఒకే మాత్రలో కలవడం వింతే. ఒకటి రోగం కోసం, రెండోది రోగి మీద అనుమానంతో.

1969లో అదే బృందం తయారుచేసిన లోపరమైడ్ ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చింది. ఇదీ మ్యూ గ్రాహకాన్నే పట్టుకుంటుంది, మామూలు మోతాదులో మత్తు మాత్రం ఇవ్వదు. మెదడు రక్తనాళాల గోడలో ఉండే పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు లోపలికి వచ్చిన లోపరమైడ్‌ను వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. ఆ పంపు జన్యువు లేని ఎలుకలకు ఇచ్చి చూసిన ప్రయోగాలు 1996లో దీన్ని నిర్ధారించాయి. వాటిలో లోపరమైడ్ మార్ఫిన్‌లాగే ప్రవర్తించింది. మెదడులోకి పోనివ్వకుండా పేగుకే పరిమితం చేయాలన్న ఈ ఉపాయం బెల్లడోనా శాఖలో ఇంకా ముందే అమలైంది. 1950ల ఆరంభంలో బస్కోపాన్ పేరుతో జర్మనీ నుంచి వచ్చిన హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ అణువు మీద విద్యుదావేశం ఉంటుంది. అది మెదడు గడప దాటలేదు.

అణువు ఎంత తెలివైనదైనా, కలరా కాలపు పాత లోపం కొత్త మందులోనూ ఉంది. జిగట విరేచనాలకు కారణమైన షిగెల్లా క్రిములను పేగు బయటికి నెట్టకుండా లొమోటిల్ ఆపితే జ్వరం ఎక్కువ రోజులు నిలుస్తుందని 1973లోనే అమెరికాలో హెర్బర్ట్ డుపాంట్, రిచర్డ్ హార్నిక్ చూపారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించి కలరా మరణాలను గణనీయంగా తగ్గించాడు. పేగును ఆపక్కర్లేదు, పోయిన నీరు తిరిగి పోస్తే చాలని తేలిపోయింది. అయినా పసిపిల్లల కోసం లోపరమైడ్ చుక్కలు వర్ధమాన దేశాల మార్కెట్లలో అమ్ముడవుతూనే వచ్చాయి. పాకిస్తాన్‌లో పసికందులకు పేగులు స్తంభించి మరణాలు సంభవించాక 1990లో తయారీదారు ఆ చుక్కలను ఉపసంహరించుకున్నాడు. దాదాపు 20 ఏళ్ల ఆలస్యానికి ఆ పసికందుల ప్రాణాలు చిన్న మూల్యం కాదు.

కదిలించే మందుల దారి ఇంకా గతుకులది. ఆపరేషన్ తర్వాత స్తంభించిన పేగుకు 1931లో తయారైన నియోస్టిగ్మిన్, అంటే కాలబార్ గింజ సారానికి కృత్రిమ రూపం, పనికొచ్చింది. 1964లో ఫ్రాన్స్‌లో ప్రొకైనమైడ్ అణువును మార్చి మెటాక్లోప్రమైడ్‌ను తెచ్చారు. డోపమిన్ అనే మరో నాడీ రసాయనపు గ్రాహకాన్ని మూసి, సెరటోనిన్‌కు తర్వాత తెలిసిన నాలుగో రకం గ్రాహకాన్ని తట్టి ఇది పొట్టను త్వరగా ఖాళీ చేస్తుంది. మెదడులోకి కూడా పోవడం వల్ల కొందరికి మెడ, దవడ కండరాలు బిగుసుకుపోయేవి. జాన్సెన్ సంస్థ మెదడులోకి పెద్దగా పోని డోంపెరిడోన్‌ను, తర్వాత సెరటోనిన్ గ్రాహకం మీదే పనిచేసే సిసాప్రైడ్‌ను తయారుచేసింది. సిసాప్రైడ్ అసిడిటీ, మలబద్ధకం రోగుల్లో విపరీతంగా వాడుకలోకి వచ్చింది. కాని అది పేగులోని గ్రాహకాన్ని తట్టడంతో పాటు గుండెలోని పొటాషియం దారిని మూస్తుందని, గుండె లయ తప్పుతుందని బయటపడింది. అమెరికాలో 2000లో దాన్ని మార్కెట్ నుంచి తొలగించారు. భారతదేశం నిషేధించడానికి 2011 దాకా పట్టింది. అదే ఏడాది ఇక్కడ ఇలాంటి మరో మందు టెగాసెరోడ్‌నూ నిషేధించారు. అమెరికాలో దాని అమ్మకం 2007లోనే ఆగిపోయింది. సెరటోనిన్ మూడో రకం గ్రాహకాన్ని మూసే అలోసెట్రాన్ 2000 ఫిబ్రవరిలో అనుమతి పొంది, పేగుకు రక్తం అందక దెబ్బతిన్న కేసులు వచ్చాక నవంబరులోనే వెనక్కి పోయింది. రెండేళ్లకు కఠినమైన షరతులతో తిరిగి వచ్చింది. ఒకే గ్రాహకం గుండె, మెదడు, పేగు మూడింటిలోనూ ఉన్నప్పుడు, ఒక అణువు మరో గ్రాహకాన్నీ పట్టుకుంటున్నప్పుడు, తాళం ఒక గదికే పరిమితం కాదు. గుండె దారిని ముట్టుకోకుండా సెరటోనిన్ నాలుగో రకం గ్రాహకాన్నే ఎంచుకునే ప్రూకలోప్రైడ్ 2009లో ఐరోపాలో, 2018లో అమెరికాలో అనుమతి పొందింది.

మార్ఫిన్‌నే మూలం చేసుకుని దాని ఉచ్చు విప్పే మందులు ఆ తర్వాత వచ్చాయి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకమే పెద్ద హింస. మార్ఫిన్‌ను విడిపించే నాల్ట్రెక్సోన్ ఇస్తే పేగు కదులుతుంది కాని, నొప్పి కూడా తిరిగి వచ్చేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో లియోన్ గోల్డ్‌బర్గ్ నాల్ట్రెక్సోన్‌కు ఒక మిథైల్ సమూహం, దానితో పాటు విద్యుదావేశం తగిలించాడు. మెదడులోకి పోదు, పేగును మాత్రం విడిపిస్తుంది. మిథైల్‌నాల్ట్రెక్సోన్ 2008లో అమెరికాలో అనుమతి పొందింది. అదే ఏడాది ఆపరేషన్ తర్వాత పేగు త్వరగా కదలడానికి ఆల్విమోపాన్‌ను అనుమతించారు. దీర్ఘకాలం వాడినవారిలో గుండెపోటు ఆనవాళ్లు కనిపించడంతో ఆ మందును ఆస్పత్రిలో మాత్రమే, ఒక రోగికి గరిష్ఠంగా 15 మోతాదులకు మించకుండా ఇవ్వాలని నియమం పెట్టారు.